మెత్తదనం ఎవడబ్బ సొత్తు? (పాట ఎవరిది? – 9వ భాగం)

పోయిన వారం నీనా సిమోన్ గురించి రాశాక ఒక యూనివర్సిటీ తమ్ముడు ఇన్‌బాక్స్‌లోకి వచ్చి తర్వాతి భాగం దేని మీద అని అడిగాడు. స్మూత్ జాజ్ మీద అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వే బొమ్మ ఒకటి పెట్టి, "అన్నా, అది లిఫ్టుల్లో వేసే పాట కదా! పళ్ల డాక్టరు దగ్గర కూర్చుంటే వినిపించేది. దానికీ మన పోరాటానికీ ఏం సంబంధం? కోల్ట్రేన్ గురించి రాయొచ్చుగా" అన్నాడు.

తమ్ముడూ, నీ మీద నాకు కోపం రాలేదు. నీ వయసులో నేనూ ఇదే మాట అన్నాను. అనడమే కాదు, ఆ మాట పట్టుకుని ఒక చెల్లెలికి అన్యాయం కూడా చేశాను. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు సంబంధం ఏంటో చెప్పనీ.

1

నేను ఈ సంగీతాన్ని మొదటిసారి విన్నది చేతిలో ట్రే పట్టుకుని. డిగ్రీ చదివేటప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్ కుర్రాళ్లం నలుగురం క్యాటరింగ్ పనికి పోయేవాళ్లం. రాత్రికి ఇంత అని ఇచ్చేవాళ్లు. తెల్ల గ్లౌజులు, మెడకి నల్ల బో, కాలికి సరిపోని అద్దె బూట్లు. ఒక పెద్ద హోటల్లో ఏదో కంపెనీ పార్టీ. పైకప్పులోంచి శాక్సాఫోన్ వినిపిస్తోంది. అక్కడ ఎవరూ వినట్లేదు. అసలు వినడానికి వేసినట్టే లేదు, గోడకి రంగు వేసినట్టు వేశారు. నాకు మాత్రం కాళ్లు ఆగిపోయాయి. సూపర్‌వైజర్ వచ్చి భుజం మీద ఒకటి తట్టి, పాటలు వినడానికి వచ్చావా అన్నాడు.

అది గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ 'వైన్‌లైట్' అని నాకు తెలిసింది ఆరేడేళ్ల తర్వాత. వాయించినవాడు నల్లవాడని తెలిసింది కూడా అప్పుడే. ఆ రాత్రి మాత్రం అది డబ్బున్న తెల్లోళ్ల పాట అనుకున్నాను. అంత నెమ్మది, అంత తీరిక, అంత హాయి మనలాంటోళ్ల దగ్గర ఎక్కడుంటాయి అనుకున్నాను.

ఈ భాగమంతా ఆ ఒక్క పొరపాటు మీదే. నల్లవాడి గుండెలోంచి వచ్చిన మెత్తదనాన్ని చూసి ఇది నల్లవాడిది అయ్యుండదు అని నేను అనుకునేలా చేసింది ఎవరు? ఎట్లా చేశారు?

2

కథ ఇండియానాపోలిస్‌లో మొదలుపెడదాం. స్మూత్ జాజ్ అనే పేరు అప్పటికి పుట్టనే లేదు. వెస్ మాంట్‌గోమరీ, పుట్టింది 1923లో. గిటార్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, నొటేషన్ చదవడం రాదు. పొద్దున పూట రేడియో పార్టులు చేసే ఫ్యాక్టరీలో పని. రాత్రి ఒక క్లబ్బులో వాయింపు. అది మూసేశాక ఇంకో క్లబ్బులో తెల్లారేదాకా వాయింపు. మళ్లీ పొద్దున్నే ఫ్యాక్టరీ. ఇంటినిండా పిల్లలు.

గిటార్ వాయించేవాళ్లు మామూలుగా తీగని మీటే ప్లాస్టిక్ ముక్క వాడతారు. వెస్ బొటనవేలితో వాయించాడు. ఎందుకో తెలుసా? రాత్రిపూట ఇంట్లో సాధన చేస్తుంటే ఆ చప్పుడుకి ఇరుగుపొరుగు వాళ్లకి నిద్రాభంగం అవుతుందని. వేలితో అయితే శబ్దం మెత్తగా వస్తుంది. ప్రపంచంలో గిటార్ పట్టుకున్న ప్రతివాడూ తర్వాత ఆ శబ్దం కోసం తపించాడు. ఆ మెత్తదనం ఏ రాజుగారి దర్బారులోనూ పుట్టలేదు. ఇరుకు గోడల మధ్య, పక్కింటి కూలివాడి నిద్ర చెడగొట్టకూడదన్న మర్యాదలోంచి పుట్టింది.

ఇది చదివినప్పుడు నాకు మా పెద్దమామయ్య గుర్తొచ్చాడు. పొగాకు కంపెనీలో పగలు పని, ముహూర్తాల రోజుల్లో రాత్రి పెళ్లి బ్యాండులో క్లారినెట్. ఊరేగింపు ముందు గంటలు గంటలు ఊదేవాడు, భోజనం మాత్రం అందరూ తిన్నాక, పందిరి బయట. మా పేటలో రాత్రి సాధన చేసుకోవాల్సి వస్తే క్లారినెట్ మూతిలో పాత తువ్వాలు కుక్కేవాడు. ఆ తువ్వాల్లోంచి వచ్చే పాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. పెళ్లిళ్లలో అందరూ విన్న మామయ్య పాట వేరు, మేం విన్నది వేరు.

1967లో వెస్ 'ఎ డే ఇన్ ద లైఫ్' అనే రికార్డు చేశాడు. వెనక వయొలిన్లు, ముందు అందరికీ తెలిసిన పాటలు. బాగా అమ్ముడుపోయింది. వెంటనే జాజ్ విమర్శకులు చాలామంది పెదవి విరిచారు, అమ్ముడుపోయాడు అన్నారు. మరుసటి ఏడాదే, 1968 జూన్‌లో, గుండెపోటుతో పోయాడు. 45 ఏళ్లు. రెండు షిఫ్టులు చేసి నలిగిన శరీరం చివరి ఒకటి రెండేళ్లు నాలుగు డబ్బులు కళ్లజూసింది. దానికి కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇల్లు గడవడం అంటే ఏంటో తెలియనివాడు మాత్రమే వెస్‌ని అమ్ముడుపోయాడు అనగలడు.

3

ఇప్పుడు గ్రోవర్. 1943లో బఫెలోలో పుట్టాడు. తండ్రి శాక్సాఫోన్ వాయించేవాడు, తల్లి చర్చి గాయక బృందంలో పాడేది. సైన్యానికి పిలుపొచ్చింది, వెళ్లాడు. తిరిగొచ్చాక ఫిలడెల్ఫియాలో కాపురం. రికార్డులు పంపిణీ చేసే కంపెనీలో ఉద్యోగం, రాత్రిపూట వాయింపు. ఇతరుల రికార్డులు సర్దిపెట్టే పని చేసుకుంటూ బతికినవాడు.

1971లో న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో ఒక రికార్డింగ్ ఏర్పాటైంది. అది అసలు హ్యాంక్ క్రాఫర్డ్ అనే పేరున్న శాక్సాఫోన్ విద్వాంసుడి కోసం. బాబ్ జేమ్స్ బాణీలన్నీ కూర్చి పెట్టాడు. స్టూడియో సిద్ధం, వాద్యకారులు సిద్ధం. క్రాఫర్డ్ రాలేకపోయాడు. అప్పుడు నిర్మాత క్రీడ్ టేలర్‌కి గ్రోవర్ దొరికాడు. చిక్కేంటంటే గ్రోవర్ ఎక్కువగా వాయించేది టెనర్ శాక్సాఫోన్, కావాల్సింది ఆల్టో. అద్దెకి తెచ్చిన ఆల్టోతో నిలబడి వాయించాడు. 'ఇన్నర్ సిటీ బ్లూస్' అనే ఆ రికార్డుతో రాత్రికి రాత్రి అతని పేరు మారుమోగింది.

అద్దె వాయిద్యం, వేరేవాడి కుర్చీ. మనోళ్లలో ఎంతమందికి ఈ కథ తెలుసు! అవకాశం మన పేరు మీద రాదు. ఎవడో రాకపోతే, ఆ ఖాళీలో మనం నిలబడతాం.

అసలు 'ఇన్నర్ సిటీ బ్లూస్' ఏం పాట? అదే ఏడాది మార్విన్ గే పాడిన పాట. నల్లవాడల పేదరికం, పన్నులు, పోలీసుల జులుం, చంద్రుడి మీదకి రాకెట్లు పంపే సర్కారు కింద పడున్న మనుషుల్ని చూడకపోవడం, ఇవీ అందులోని సంగతులు. గ్రోవర్ ఆ పాటలోని మాటలు తీసి, శ్వాసతో వాయించాడు. అదే రికార్డులో బిల్ విథర్స్ పాట 'ఎయింట్ నో సన్‌షైన్' కూడా ఉంది. అతని పేరు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తాడు.

చూడండి తమ్ముళ్లూ, స్మూత్ జాజ్‌కి పునాది రాళ్లలో ఒకటి అని సంగీత చరిత్రకారులు చెప్పే రికార్డు, నల్లవాడల ఆక్రోశం మీద చేసిన పాట. మెత్తగా వాయించినంత మాత్రాన ఆ పాట వాడ వదిలిపోలేదు. ఫిలడెల్ఫియా నల్లోళ్లకి అది ఎవరి గురించో విడమర్చి చెప్పాల్సిన పనే లేదు.

ఆ తర్వాత 1975లో 'మిస్టర్ మ్యాజిక్'. అది ఎక్కడికి వెళ్లిందో విన్నారా? వాషింగ్టన్ నగరంలో చక్ బ్రౌన్ అనే గిటారిస్టు, జైల్లో ఉన్నప్పుడు గిటార్ నేర్చుకున్నవాడు, ఈ 'మిస్టర్ మ్యాజిక్' దరువు పట్టుకున్నాడు. చిన్నప్పుడు చర్చిలో విన్న దెబ్బే ఇందులో ఉందని గుర్తుపట్టాడు. ఆ దరువు మీదే 'గో-గో' అనే సంగీతం నిలబెట్టాడు. ఆ నగరపు నల్లజనం గో-గోని తమ ఊరి గుండెచప్పుడు అంటారు. 2019లో అదే నగరంలో, ఖరీదైన కొత్త అపార్టుమెంట్లు లేచిన చోట, ఒక సెల్‌ఫోన్ షాపు ముందు ఎన్నో ఏళ్లుగా మోగుతున్న గో-గో పాటలు ఆపేయించారు. చప్పుడు ఎక్కువైందని ఫిర్యాదు. వేలమంది రోడ్డెక్కారు. పాటలు మళ్లీ మోగాయి. మరుసటి ఏడాది గో-గోని ఆ నగర అధికార సంగీతంగా చట్టం చేశారు.

లిఫ్టులో వేసే పాట అన్నావు కదా తమ్ముడూ. ఆ లిఫ్టు పాట దరువే వాషింగ్టన్ వీధుల్లో ఊరేగింపు అయింది.

4

'వైన్‌లైట్' రికార్డు 1980లో వచ్చింది. అందులో 'జస్ట్ ద టూ ఆఫ్ అస్' అనే పాట ఉంది. దాని వెనక ముగ్గురు మనుషులు.

మొదటివాడు బిల్ విథర్స్. వెస్ట్ వర్జీనియాలో స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గుగనుల ఊళ్లో 1938లో పుట్టాడు. చిన్నప్పటి నుంచి నత్తి. పదమూడేళ్లకే తండ్రి పోయాడు. నౌకాదళంలో తొమ్మిదేళ్లు పనిచేశాడు. తర్వాత విమానాల్లో పెట్టే మరుగుదొడ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో కార్మికుడు. 1971లో తొలి రికార్డు వచ్చినప్పుడు దాని అట్ట మీద ఫోటో చూడండి. ఫ్యాక్టరీ బయట, చేతిలో అన్నం డబ్బా పట్టుకుని నిలబడి ఉంటాడు. పాట హిట్టయినా వెంటనే ఉద్యోగం మానలేదు. ఈ సినీ, సంగీత లోకం ఎప్పుడు తోసేస్తుందో అతనికి తెలుసు.

అనుకున్నట్టే అయింది. పెద్ద కంపెనీకి మారాక, పాటలు ఎట్లా ఉండాలో అక్కడి పెద్దలు చెప్పడం మొదలుపెట్టారు. 1978 తర్వాత 1985 దాకా అతని సొంత ఆల్బమ్ ఒక్కటీ రాలేదు. 1985లో ఒకటి చేసి, ఇక చాలు అని ఇంటికి వెళ్లిపోయాడు. 2020లో చనిపోయేదాకా మళ్లీ ఆ గడప తొక్కి ఆల్బమ్ చేయలేదు. ఆ నోరు నొక్కిన ఏళ్లలోనే, వేరే కంపెనీలో, వేరేవాడి రికార్డులో అతిథిగా వచ్చి పాడిన పాట ఇది. 1981లో అమెరికా పాటల పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది.

రెండోవాడు రాల్ఫ్ మెక్‌డొనాల్డ్. హార్లెమ్‌లో పుట్టాడు, తల్లిదండ్రులు ట్రినిడాడ్ నుంచి వచ్చినవాళ్లు. తండ్రి కాలిప్సో పాటగాడు. రాల్ఫ్ పదిహేడేళ్లకే హ్యారీ బెలఫాంటే బృందంలో స్టీల్ పాన్ వాయించడానికి చేరాడు. స్టీల్ పాన్ అంటే తెలుసు కదా, ట్రినిడాడ్ కూలి జనం పారేసిన నూనె పీపాల్ని కొట్టి కొట్టి పుట్టించిన వాయిద్యం. మూడోవాడు విలియం సాల్టర్, బేస్ గిటారిస్టు, అదే బెలఫాంటే బృందం మనిషి.

ఇప్పుడు అసలు విషయం, విద్యార్థులు అండర్‌లైన్ చేసుకోండి. ఈ రాల్ఫ్, సాల్టర్ ఇంకో మిత్రుడు విలియం ఈటన్‌తో కలిసి 1967లోనే సొంత మ్యూజిక్ పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకున్నారు. పేరు ఆంటీసియా. అప్పటికి వాళ్ల దగ్గర హిట్టు పాట ఒక్కటీ లేదు. అయినా ముందు కాగితం సిద్ధం చేసుకున్నారు. రాసిన పాట హక్కు మన పేరు మీదే ఉండాలి, వేరేవాడి బీరువాలో కాదు అనుకున్నారు. ఐదేళ్లు ఎదురుచూశారు. 1972లో రోబర్టా ఫ్లాక్, డోనీ హాథవే పాడిన 'వేర్ ఈజ్ ద లవ్' వచ్చింది. తర్వాత 'మిస్టర్ మ్యాజిక్', ఆ తర్వాత 'జస్ట్ ద టూ ఆఫ్ అస్'. విథర్స్ కూడా తక్కువవాడు కాదు. పాట తెచ్చి పాడమంటే, మాటలు నేను కొంచెం మార్చుకుంటానంటేనే పాడతాను అన్నాడు. మార్చాడు, రచయితల్లో ఒకడిగా పేరు వేయించుకున్నాడు. 1990ల చివర్లో విల్ స్మిత్ అదే పాట మీద తన ర్యాప్ కట్టుకున్నప్పుడు కూడా రాసినవాళ్ల పేర్లు చెరగలేదు.

గ్రోవర్ సంగతి చూడండి మరి. అతని తొలి రికార్డులు క్రీడ్ టేలర్ కంపెనీలో చేసినవి. ఆ కంపెనీ చిక్కుల్లో పడ్డాక ఆ రికార్డులు మోటౌన్ చేతికి పోయాయి. అతని ఊపిరితో నిండిన టేపులు అతన్ని అడక్కుండానే యజమాని మారాయి. ఒకే పాట మీద పనిచేసిన మనుషుల్లో ఒకరికి కాగితం ఉంది, ఒకరికి లేదు. తేడా ప్రతిభలో లేదు.

బాబాసాహెబ్ మనకి చదువు అన్నారు. చదువు అంటే సర్టిఫికెట్టు ఒక్కటే అనుకున్నాం. కాంట్రాక్టు కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవడం కూడా చదువే. మన పాటగాళ్లలో ఎంతమంది తమ పాటని ఎవడికో క్యాసెట్టు కంపెనీవాడికి, యూట్యూబ్ ఛానల్‌వాడికి ఒక్క పూట డబ్బుకి రాసిచ్చేశారో, మీ ఊళ్లో మీకు తెలుసు.

5

ఇంకో కథ. ఇది పూర్తిగా విద్యార్థుల కథ.

వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీ ఉంది. నల్లజనం కోసం పుట్టిన యూనివర్సిటీ. దానికి సొంత రేడియో స్టేషన్, డబ్ల్యూహెచ్‌యూఆర్. 1976లో అక్కడ మెల్విన్ లిండ్సే అనే విద్యార్థి ఇంటర్న్. ఒక ఆదివారం వాయించాల్సిన మనిషి రాకపోతే, ఈ కుర్రాడు తన సొంత రికార్డులు పట్టుకుని మైకు ముందు కూర్చున్నాడు. నెమ్మదైన ప్రేమ పాటలు, నెమ్మదైన జాజ్, మధ్యలో తగ్గు గొంతుతో నాలుగు మాటలు. ఊరంతా ఫోన్లు. స్టేషన్ నడిపే క్యాథీ హ్యూజ్ దాన్ని రోజువారీ కార్యక్రమం చేసింది. స్మోకీ రాబిన్సన్ పాట పేరు మీద దానికి 'క్వయట్ స్టార్మ్' అని పేరు. నిశ్శబ్ద తుఫాను. పదేళ్లు తిరిగేసరికి దేశమంతటా నల్లజనం వినే స్టేషన్లలో రాత్రిపూట ఇదే పద్ధతి.

ఎవరు విన్నారు ఆ రాత్రుల్లో? పోస్టాఫీసు ఉద్యోగులు, నర్సులు, బస్సు డ్రైవర్లు, గుమాస్తాలు, పిల్లల్ని నిద్రపుచ్చి వంటింట్లో కూర్చున్న తల్లులు. పగలంతా తెల్లవాడి ముందు ఒళ్లు దగ్గర పెట్టుకుని బతికి, ఇంటికొచ్చి ఊపిరి వదిలేవాళ్లు. వాళ్లకి ఆ గంటలు విశ్రాంతి. మన దగ్గర పొద్దుగూకాక అరుగు మీద కూర్చుని బీడీ వెలిగించుకునే మనిషికి ఆ పది నిమిషాల మీద ఉన్నంత హక్కు, ఇంకే ఆస్తి మీదా ఉండదు. దాన్ని లాక్కోవాలని చూడండి, అప్పుడు తెలుస్తుంది అది రాజకీయమో కాదో.

క్యాథీ హ్యూజ్ అక్కడితో ఆగలేదు. 1980లో సొంతంగా ఒక స్టేషన్ కొన్నది. అప్పు కోసం బ్యాంకుల చుట్టూ తిరిగితే వరుసగా ముప్ఫై దాటి బ్యాంకులు పొమ్మన్నాయి. ఇల్లు పోయింది, కొడుకుతో కలిసి స్టేషన్‌లోనే పడుకుంది. అయినా నిలబెట్టింది.

6

ఇక దోపిడీ దగ్గరికి వద్దాం.

1987 ఫిబ్రవరి 14న లాస్ ఏంజెలెస్‌లో ఒక రాక్ స్టేషన్ మూసి, 'ద వేవ్' అనే కొత్త స్టేషన్ మొదలుపెట్టారు. మాట్లాడే మనిషి లేడు, అంతా మెత్తటి వాయిద్య సంగీతం. అదే ఏడాది షికాగోలో డబ్ల్యూఎన్‌యూఏ. ఆ రోజుల్లో బ్రాడ్‌కాస్ట్ ఆర్కిటెక్చర్ అనే సలహాదారు కంపెనీ శ్రోతల్ని గదిలో కూర్చోబెట్టి పాటలు వినిపించేది. చేతికి ఒక నాబ్ ఇచ్చేవాళ్లు. నచ్చితే పైకి తిప్పాలి, నచ్చకపోతే కిందికి. ముక్కలు ముక్కలుగా వినిపించి, గీత ఎక్కడ పడిపోతే ఆ పాట తీసెయ్యి అనేవాళ్లు. అలాంటి ఒక సమావేశంలో ఒక శ్రోత నోటి నుంచి వచ్చిన రెండు మాటలే 'స్మూత్ జాజ్'. కంపెనీవాళ్లు ఆ మాటల్ని పట్టుకుని ముద్ర వేశారు.

ఈ సంగీతానికి ఆ పేరు పెట్టింది వెస్ కాదు, గ్రోవర్ కాదు, హోవర్డ్ కుర్రాడు కాదు. పేరు పెట్టింది బజారు. పేరు పెట్టే హక్కు ఎవరిదో మనకి ఇంకొకరు నేర్పాలా? మన పేటలకి, మన కులాలకి, మన పిల్లలకి పేర్లు ఎవరు పెట్టారో మనకి తెలియదా?

ఆ నాబ్ ఏం చేసిందో చూడండి. శాక్సాఫోన్ ఒక్కసారి అరిస్తే గీత కిందికి. సోలో పొడవైతే కిందికి. చర్చి వాసన, బ్లూస్ గరుకు తగిలితే కిందికి. ఆఫీసులో పని చేసుకుంటూ వినడానికి ఇబ్బంది కాకూడదు, అదీ కొలత. క్వయట్ స్టార్మ్‌లో నల్లజనం అలసటకి మందుగా ఉన్న మెత్తదనం, ఇక్కడ ప్రకటనల మధ్య నింపే దూది అయింది. వాద్యకారులు కూడా చేసేదిలేక ఆ నాబ్ కోసమే రికార్డులు చేయడం మొదలుపెట్టారు. రేడియోలో పడకపోతే రికార్డు అమ్ముడుపోదు మరి.

ఇరవై ఏళ్లు పిండుకున్నారు. 2008లో న్యూయార్క్ స్టేషన్, 2009లో షికాగో స్టేషన్ వేరే పాటలకి మారిపోయాయి. రేటింగ్ లెక్కపెట్టే యంత్రం మారింది, లాభం తగ్గింది, తాళం వేశారు. పేరు పెట్టినవాళ్లే పాడె కట్టారు. వాద్యకారులు మాత్రం మిగిలారు, ఆ ముద్ర నెత్తిన పెట్టుకుని.

7

ఇప్పుడు మీరందరూ ఎదురుచూస్తున్న పేరు. కెన్నీ జి.

సియాటిల్ కుర్రాడు, 1956లో పుట్టాడు. పదిహేడేళ్లకే బ్యారీ వైట్ ఆర్కెస్ట్రాలో వాయించాడు. నల్లజనం ఫంక్ బృందంలో వాయించాడు. యూనివర్సిటీలో అకౌంటింగ్ చదివాడు. అతను కొలిచిన గురువుల్లో మన గ్రోవర్ ఒకడు. 1986లో 'డ్యువోటోన్స్', అందులో 'సాంగ్‌బర్డ్'. 1992లో 'బ్రెత్‌లెస్', ఒక్క అమెరికాలోనే కోటీ ఇరవై లక్షలు దాటింది. చైనాలో షాపులు మూసే వేళకి ఇప్పటికీ అతని 'గోయింగ్ హోమ్' వేస్తారు. మీ ఇంట్లో అమ్మానాన్నలకి శాక్సాఫోన్ అంటే గుర్తొచ్చే జుట్టు అతనిదే.

నేను అతన్ని తిట్టడానికి రాలేదు. రోజూ గంటల తరబడి సాధన చేసే మనిషి, ఎవరి జేబూ కొట్టలేదు. నా ప్రశ్న అతనికి కాదు. రికార్డు కంపెనీలకి, రేడియోకి, నీకు, నాకు. ఫ్యాక్టరీ షిఫ్టుల్లో, నల్లవాడల్లో, చర్చి బెంచీల మీద తయారైన ఒక భాషకి ప్రపంచమంతా తెలిసిన ముఖం తెల్లముఖం ఎట్లా అయింది? ఆ హోటల్లో ట్రే పట్టుకున్న నాకు శాక్సాఫోన్ వినగానే నల్లమనిషి కళ్ల ముందుకి ఎందుకు రాలేదు? జవాబు ఆ నాబ్‌లో ఉంది, రికార్డుల అట్టల మీద ఉంది, షోరూము కిటికీల్లో ఉంది.

1999లో కెన్నీ జి, చనిపోయిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన 'వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్' మీద తన శాక్సాఫోన్ కలిపి అచ్చువేశాడు. మరుసటి ఏడాది ప్యాట్ మెథీనీ అనే గిటారిస్టు, అతనూ తెల్లవాడే, నిప్పులు కురిపించాడు. సమాధి మీద ఎక్కి తొక్కావని అతని బాధ. ఆ కోపం నాకు అర్థమవుతుంది.

కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. కెన్నీ జి మీద కోపం మొత్తం సంగీతం మీద చిమ్మారు. స్మూత్ అంటే చెత్త అన్నారు. కుర్రాళ్లు గ్రోవర్ పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారు. అంటే లాభం వచ్చినప్పుడు తెల్లముఖానికి వాటా, అవమానం వచ్చినప్పుడు మాత్రం నల్లవాడికి సమాన వాటా! మొదట ఇంటిమీద పేరు మార్చారు, తర్వాత ఆ ఇల్లు అసహ్యంగా ఉందన్నారు. లోపల ఉన్నది ఎవరో ఎవరూ అడగలేదు.

1999 డిసెంబర్ 17న గ్రోవర్ న్యూయార్క్‌లో ఒక టీవీ కార్యక్రమానికి నాలుగు పాటలు వాయించి, పక్కగదిలో కూర్చుని ఉండగా గుండెపోటుతో కుప్పకూలాడు. 56 ఏళ్లు. వాయించిన చెమట ఇంకా ఆరి ఉండదు. ఫిలడెల్ఫియాలో ఇప్పుడు అతని పేరు మీద బడి ఉంది. అక్కడి పిల్లలకి అతను లిఫ్టు పాటగాడు కాదు.

8

ఇక చెల్లెలి సంగతి.

చాలా ఏళ్ల కింద, ఏప్రిల్ 14. మా హాస్టల్ ముందు స్టేజీ కట్టాం. పాటల జాబితా నా చేతిలో. ఉద్యమం పాటలు, అమరుల పాటలు, డప్పు. మా జూనియర్ చెల్లెలు ఒకతి వచ్చి, ఒక పాత సినిమా ప్రేమ పాట పాడతానన్నది. గొంతు బంగారం. నేను పేరు కొట్టేశాను. ఇది అలాంటి స్టేజీ కాదమ్మా అన్నాను. ఆ పిల్ల ఒక్కటే అడిగింది: "అన్నా, అంబేడ్కర్ జయంతి రోజు కూడా మనం బాధపడితేనే మనుషులమా?"

నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించాను. ఆ పిల్ల ఆ రోజు వెనక వరుసలో కూర్చుని అందరికీ చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ జాబితా పట్టుకున్న నాకూ, ఆ నాబ్ తిప్పించిన కంపెనీకీ తేడా ఏముంది? వాళ్లు నల్లవాడు అరవకూడదు అన్నారు. నేను దళితురాలు అరవకుండా పాడకూడదు అన్నాను. ఇద్దరమూ ఎదుటి మనిషి గొంతు ఎంత ఎత్తులో ఉండాలో నిర్ణయించేవాళ్లమే. మన ఏడుపు చూసి చలించే సవర్ణ మేధావులు చాలామంది ఉన్నారు. మన కోపం మీద థీసిస్‌లు రాస్తారు. మనం హాయిగా నవ్వుతూ, నెమ్మదిగా ఒక ప్రేమ పాట పాడుకుంటుంటే మాత్రం వాళ్లకి ఆసక్తి పోతుంది. అదే చూపు మనలోకీ ఎప్పుడు దూరిందో మనకే తెలియలేదు.

ఫూలే 1873లో 'గులాంగిరి'ని అమెరికాలో బానిసత్వాన్ని తెంచడానికి పోరాడినవాళ్లకి అంకితమిచ్చారు. 1946లో బాబాసాహెబ్ డుబాయిస్‌కి ఉత్తరం రాశారు. ఆ దారి తెరిచింది మనం నల్లజనం గాయాల్ని మాత్రమే దిగుమతి చేసుకోవడానికి కాదు. వాళ్ల హాయి కూడా మనకి చుట్టమే. రెండు షిఫ్టుల తర్వాత బొటనవేలితో మీటిన ఆ తీగ కూడా, అన్నం డబ్బా పట్టుకుని నిలబడ్డ ఆ ఫోటో కూడా, ఆంటీసియా కాగితం కూడా.

తమ్ముడూ, కోల్ట్రేన్ గురించి తప్పకుండా రాస్తాను. ఆయన అరుపు మనది. అయితే ఈ రాత్రికి ఒక పని చెయ్యి. హాస్టల్ గదిలో లైటు ఆర్పి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 'వైన్‌లైట్' మొదటి నుంచి చివరిదాకా విను. పని చేసుకుంటూ వినకు. మార్కస్ మిల్లర్ బేస్ విను, స్టీవ్ గ్యాడ్ డ్రమ్స్ వెనక రాల్ఫ్ మెక్‌డొనాల్డ్ వేళ్లు ఏం చేస్తున్నాయో విను. విన్నాక కూడా అది లిఫ్టు పాటే అనిపిస్తే రేపు నాతో గొడవపడు.

ఆ చెల్లెలు ఇప్పుడు ఒక గురుకులంలో టీచరు. ఈ పోస్టు చదువుతుందని తెలుసు. అమ్మా, వచ్చే ఏప్రిల్ 14కి మా ఊళ్లో స్టేజీ కడుతున్నాం. ఈసారి జాబితా నా చేతిలో లేదు. మొదటి పేరు నీదే. ఏ పాట పాడాలో నీ ఇష్టం.

వచ్చే ఆదివారం పదో భాగంతో కలుద్దాం.

జై భీమ్.